ఎమిసిజుమాబ్, ఫిటుసిరాన్, జన్యు చికిత్స: ల్యాబ్ రిపోర్టులో ఫ్యాక్టర్ అంకెను ఎంతవరకు నమ్మాలి?

#1 నీలిక్యాప్

తీవ్ర హీమోఫీలియా ఏ (రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్ 8 లోపించే జబ్బు) ఉన్న రోగి, ఆ ఫ్యాక్టర్ పనిని భర్తీ చేసే ఎమిసిజుమాబ్ ఇంజక్షన్ వాడుతున్నాడు అనుకుందాం. పన్ను తీసే ముందు పరీక్షలు పంపారు. ఏపీటీటీ (ట్యూబులో ప్లాస్మా గడ్డకట్టే సమయం) 24 సెకన్లు, అంటే మామూలు మనిషి కంటే కూడా తక్కువ. వన్‌స్టేజ్ పద్ధతిలో ఫ్యాక్టర్ 8 చూస్తే 150 శాతం పైన. ఇన్‌హిబిటర్ (ఎక్కించిన ఫ్యాక్టర్‌ను పనిచేయనివ్వని యాంటీబాడీ) నెగెటివ్. కాగితం చూస్తే అసలు జబ్బే లేనట్టు ఉంటుంది. ఎమిసిజుమాబ్ వాడే ఎవరికైనా ఇలాంటి రిపోర్టు రావచ్చు.

ఈ మూడింటిలో దేన్ని పట్టించుకోవాలి, దేన్ని వదిలేయాలి? ఏ పరీక్ష అడగాలి? ఫిటుసిరాన్, కాన్సిజుమాబ్, ఎఫానెసోక్టోకాగ్ లాంటి కొత్త హీమోఫీలియా మందులకు, జన్యు చికిత్సలకు కూడా ఇదే ప్రశ్న. ల్యాబ్ వాళ్లు, వార్డు వాళ్లు, ఫార్మసీ వాళ్లు ఎవరి వైపు నుంచి వాళ్లు చెప్తే ఒకేచోట ఉంటుంది.

#2 థ్రాంబిన్

మూడూ వదిలేయాల్సినవే, నీలిక్యాప్ గారూ. యంత్రం సరిగ్గానే కొలిచింది. మనం అడిగిన ప్రశ్న ఈ మందుకు సరిపోదు, అంతే.

కారణం ఇది. శరీరంలోని ఫ్యాక్టర్ 8 పనిలోకి దిగాలంటే ముందు గడ్డను కట్టించే ఎంజైమ్ థ్రాంబిన్ దాన్ని కోసి చైతన్యపరచాలి. దానికి కొంత సమయం పడుతుంది. ఏపీటీటీ పరీక్షలో గడియారం ఆ సమయాన్ని కూడా లెక్కేస్తుంది. ఎమిసిజుమాబ్ రెండు తలల యాంటీబాడీ. ఒక చేత్తో చైతన్యమైన ఫ్యాక్టర్ 9ని, ఇంకో చేత్తో ఫ్యాక్టర్ 10ని పట్టుకుని పక్కపక్కన నిలబెడుతుంది. ఎవరూ దాన్ని చైతన్యపరచనక్కర్లేదు, ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. అందుకే ట్యూబులో గడ్డ తొందరగా కడుతుంది. రక్తంలో చాలా కొద్దిగా మందు ఉన్నా ఏపీటీటీ మామూలుకు వచ్చేస్తుంది. కానీ ఒంట్లో రక్తం ఆగే శక్తి మామూలుకు రాలేదు. పూర్తి మోతాదు మీద ఉన్న రోగిని మనం తేలికపాటి హీమోఫీలియా ఉన్నవాడిలా చూడాలి. చిన్న దెబ్బలు తట్టుకుంటాడు, పెద్ద సర్జరీకి అది చాలదు.

వన్‌స్టేజ్ ఫ్యాక్టర్ 8 పరీక్ష కూడా ఏపీటీటీ మీదే కట్టింది కాబట్టి అదే దోషం ఇంకా పెద్దదై కనిపిస్తుంది. మీరు చెప్పిన 150 శాతంలో అసలు ఫ్యాక్టర్ 8 ఒక్క శాతం కూడా ఉండకపోవచ్చు.

ఇన్‌హిబిటర్ నెగెటివ్ అన్నదే నన్ను ఎక్కువ భయపెట్టేది. ఇన్‌హిబిటర్‌ను కొలిచే మామూలు బెథెస్డా పద్ధతిలో మిగిలిన ఫ్యాక్టర్ 8ని గడ్డకట్టే సమయంతోనే కొలుస్తారు. ఎమిసిజుమాబ్ ఆ లోటును కప్పేస్తుంది. నిజంగా ఇన్‌హిబిటర్ ఉన్నా లేదనే వస్తుంది. ఆ కాగితం నమ్మి రక్తస్రావం సమయంలో ఫ్యాక్టర్ 8 ఎక్కిస్తే అది పనిచేయదు, విలువైన గంటలు పోతాయి.

#3 బెంచ్ నంబర్ 2

ల్యాబ్ వైపు నుంచి.

అడగాల్సింది ఆవు ప్రోటీన్లతో చేసే క్రోమోజెనిక్ (గడ్డతో కాక రంగు మార్పుతో కొలిచే) ఫ్యాక్టర్ 8 పరీక్ష. ఎమిసిజుమాబ్ మనిషి ఫ్యాక్టర్ 9ఏ, 10లనే గుర్తుపడుతుంది, ఆవువి పట్టుకోలేదు. కాబట్టి కిట్‌లో ఆ రెండూ ఆవువి అయితే కనిపించేది రోగి సొంత ఫ్యాక్టర్ 8, లేదా మనం ఎక్కించిన ఫ్యాక్టర్ 8 మాత్రమే. క్రోమోజెనిక్ అన్నంత మాత్రాన సరిపోదు. కొన్ని కిట్లలో రెండూ మనిషివే, కొన్నిట్లో ఒకటి ఆవుది, ఒకటి మనిషిది. కిట్‌తో వచ్చే కాగితంలో 9ఏ ఎక్కడిది, 10 ఎక్కడిది అని రెండూ విడివిడిగా చదవాలి. రెండూ మనిషివైన కిట్ ఎమిసిజుమాబ్‌ను కూడా కలిపి చూపిస్తుంది. మందు ఏదో పనిచేస్తోందని తెలుసుకోవడానికి తప్ప ఫ్యాక్టర్ 8 డోసు లెక్కకు అది పనికిరాదు.

బెథెస్డా కూడా ఇదే ఆవు క్రోమోజెనిక్‌తో చేయాలి. శాంపిల్‌ను 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడి చేస్తే సరిపోతుంది కదా అని అడుగుతుంటారు. ఆ వేడికి మిగిలిన ఫ్యాక్టర్ 8 పోతుంది కానీ ఎమిసిజుమాబ్ పోదు. వేడి చేసిన ప్లాస్మాలోనూ అది చెక్కుచెదరకుండా ఉండి లెక్క తప్పిస్తుంది.

ఏపీటీటీ మీద ఆధారపడే మిగతావీ గుర్తుంచుకోండి: ఫ్యాక్టర్ 9, 11, 12 వన్‌స్టేజ్ పరీక్షలు, గడ్డకట్టే పద్ధతిలో చేసే ప్రోటీన్ సి, ప్రోటీన్ ఎస్, లూపస్ యాంటీకోయాగ్యులెంట్‌కు ఏపీటీటీతో చేసే పరీక్షలు, ఆపరేషన్ గదిలో గడ్డకట్టే సమయం చూసే ఏసీటీ. క్లాస్ పద్ధతి ఫిబ్రినోజెన్, థ్రాంబిన్ టైమ్, యాంటీజెన్ కొలతలు, జన్యు పరీక్షలు దెబ్బతినవు.

మందు స్థాయే తెలుసుకోవాలంటే వన్‌స్టేజ్ పరీక్షలోనే ప్లాస్మాను మామూలు కంటే ఎక్కువ పలచన చేసి, ఎమిసిజుమాబ్ క్యాలిబ్రేటర్‌తో గీసిన గీత మీద చదవాలి. ఫలితం శాతంలో కాదు, మైక్రోగ్రాముల్లో వస్తుంది. డోసులు సరిగ్గా పడుతున్నవారిలో మిల్లీలీటరుకు సుమారు 50 మైక్రోగ్రాములు ఉంటుంది.

ఒక్క మాట బతిమాలి అడుగుతున్నాను. పరీక్ష ఫారం మీద మందు పేరు, చివరి డోసు తేదీ రాయండి. అది లేకుండా వచ్చిన నీలిమూత ట్యూబును మేము అందరిలాగే చూస్తాం.

#4 సూదిమందు

డోసు వేసే దగ్గర జరిగే తప్పులు.

ఎమిసిజుమాబ్ మొదటి 4 వారాలు వారానికి కిలోకు 3 మి.గ్రా. ఆ తర్వాత వారానికి 1.5, లేదా రెండు వారాలకు 3, లేదా 4 వారాలకు 6 మి.గ్రా. మూడు దారుల్లోనూ నెల మొత్తం ఒకటే. అర్ధాయువు దాదాపు 4 వారాలు కాబట్టి నెలకోసారి కూడా కుదురుతుంది.

వయల్స్ రెండు గాఢతల్లో వస్తాయి. 30 మి.గ్రా. వయల్ 1 మి.లీ.లో ఉంటుంది. 60, 105, 150 మి.గ్రా. వయల్స్ మి.లీ.కు 150 మి.గ్రా. గాఢత. ఈ రెండు రకాలనూ ఒకే సిరంజిలోకి తీయకూడదు. తేడా పట్టించుకోకుండా మి.లీ. లెక్క మాత్రమే చూసుకుంటే డోసు 5 రెట్లు అటూ ఇటూ అవుతుంది. 70 కిలోల మనిషికి వారపు డోసు 105 మి.గ్రా., అంటే ఒకే వయల్, 0.7 మి.లీ. 20 కిలోల పిల్లవాడికి 30 మి.గ్రా., అంటే 1 మి.లీ. పిల్లవాడి సిరంజిలోనే ఎక్కువ ద్రవం ఉండడం చూసి కంగారుపడి తగ్గించేవాళ్లు ఉంటారు. గాఢత చూడాలి. ఒక చోట 2 మి.లీ. మించి వేయొద్దు.

వయల్ నుంచి తీసేటప్పుడు 5 మైక్రాన్ల ఫిల్టర్ ఉన్న సూది వాడాలి, వేసేటప్పుడు చర్మం కింద వేసే చిన్న సూదికి మార్చాలి. పొట్ట, తొడ ఇంట్లోవాళ్లు ఎవరైనా వేయొచ్చు, సొంతంగానూ వేసుకోవచ్చు. చేయి పైభాగం బయటివైపు వేరేవాళ్లు వేస్తేనే. ఫ్రిజ్ బయట మొత్తం 7 రోజులు, 30 డిగ్రీలు దాటకుండా ఉంచవచ్చు. బయటపెట్టిన రోజు డబ్బా మీద రాసిపెట్టండి.

ఒక డోసు మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసి, తర్వాతిది పాత తేదీకే వేయాలి. ఒకేరోజు రెండు వద్దు.

#5 సుధ_ఫార్మా

సూదిమందు గారి పోస్టుకు కొనసాగింపుగా, రక్తస్రావం అయినప్పుడు ఏం ఎక్కించాలో చెప్పాలి. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

2017లో వచ్చిన హేవన్ 1 పరిశోధనలో ఇన్‌హిబిటర్లు ఉన్నవారికి ఎమిసిజుమాబ్ రక్తస్రావాలను 87 శాతం తగ్గించింది. అదే పరిశోధనలో కొందరికి సన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టే థ్రాంబోటిక్ మైక్రోయాంజియోపతి, ఇంకొందరికి సిరల్లో గడ్డలు వచ్చాయి. వాళ్లందరిలో ఉమ్మడి విషయం ఒకటే: ఏపీసీసీని (చైతన్యపరచిన గడ్డకట్టే ఫ్యాక్టర్ల మిశ్రమాన్ని) 24 గంటల్లో కిలోకు 100 యూనిట్లు దాటించి, ఒక రోజు పైన వాడారు. ఏపీసీసీ నిండా ఫ్యాక్టర్ 9, 9ఏ, 10 ఉంటాయి. ఎమిసిజుమాబ్ పట్టుకునేది కూడా వాటినే. ముడిసరుకు పోస్తూ ఉంటే థ్రాంబిన్ ఆగకుండా పుడుతుంది.

కాబట్టి ఇన్‌హిబిటర్ ఉన్నవారికి మొదటి ఎంపిక రీకాంబినెంట్ 7ఏ (ల్యాబ్‌లో తయారైన, చైతన్యపరచిన ఫ్యాక్టర్ 7), కిలోకు 90 మైక్రోగ్రాములు మించకుండా మొదలుపెట్టాలి. ఏపీసీసీ తప్పనిసరైతే మొదటి డోసు కిలోకు 50 యూనిట్ల లోపు, రోజుకు 100 దాటకుండా, ఆసుపత్రిలోనే, ప్లేట్‌లెట్లు, ఎల్‌డీహెచ్ (కణాలు దెబ్బతింటే పెరిగే ఎంజైమ్), రక్తపు స్మియర్ చూసుకుంటూ వాడాలి. చివరి ఎమిసిజుమాబ్ డోసు తర్వాత 6 నెలల దాకా ఈ జాగ్రత్త వర్తిస్తుంది. మందు ఆపేశాం కదా అని ఏపీసీసీ పాత మోతాదుకు వెళ్లకూడదు.

ఇన్‌హిబిటర్ లేనివారికి ఈ గొడవ లేదు, మామూలు ఫ్యాక్టర్ 8 ఎక్కించవచ్చు.

#6 నీలిక్యాప్

చాలా ఉపయోగం. అయితే పన్ను తీయడానికి ముందు ఫ్యాక్టర్ ఎక్కించాలా వద్దా?

#7 థ్రాంబిన్

చిన్న పనులు చాలావాటిని ఎమిసిజుమాబ్ మీద ఉన్నవారిలో అదనపు ఫ్యాక్టర్ లేకుండానే చేశారు. పన్నుకు ట్రానెక్సామిక్ యాసిడ్ (కట్టిన గడ్డ కరగకుండా ఆపే మందు) కిలోకు 25 మి.గ్రా. రోజుకు 3 సార్లు, కుట్టు, అక్కడికక్కడ నొక్కిపెట్టడం మొదటి వరస. దవడ లోపలికి చొచ్చుకుని ఉన్న జ్ఞానదంతం, దవడ నరానికి ఇచ్చే మత్తు ఇంజక్షన్ లాంటివైతే ముందే ఒక డోసు ఎక్కిస్తాం. గొంతు వైపు రక్తం పాకితే శ్వాస ఆగిపోయే చోటు అది. ట్రానెక్సామిక్‌ను మూత్రపిండం నుంచి రక్తం పడుతున్నప్పుడు ఇవ్వొద్దు, మూత్రనాళంలో గడ్డలు ఇరుక్కుంటాయి. ఏపీసీసీతో కలిపి కూడా ఇవ్వొద్దు.

పెద్ద సర్జరీకి లెక్క పాతదే. ఫ్యాక్టర్ 8 అయితే బరువు × పెంచాలనుకున్న శాతం × 0.5. ఫ్యాక్టర్ 9 అయితే 0.5 బదులు 1, కొన్ని రీకాంబినెంట్లకు ఇంకొంచెం ఎక్కువ. 60 కిలోల మనిషికి 50 శాతం పెంచాలంటే 8 అయితే 1500 యూనిట్లు, 9 అయితే 3000. వయల్ లెక్కకు పైకి సర్దండి, మిగిలింది పారబోయవద్దు. తర్వాత స్థాయిని బెంచ్ నంబర్ 2 గారు చెప్పిన ఆవు క్రోమోజెనిక్‌తోనే చూడాలి.

#8 ఎక్స్‌క్యూ28

అంకె గురించి మాట్లాడుతున్నాం కాబట్టి దీనికి సరిగ్గా ఎదురుగా నిలబడే మందుల గురించి కూడా చెప్పాలి. ఎమిసిజుమాబ్‌లో అంకె మామూలు, రక్షణ పాక్షికం. ఫిటుసిరాన్, కాన్సిజుమాబ్, మార్‌స్టాసిమాబ్ మందుల్లో ఫ్యాక్టర్ 8 లేదా 9 ఒక శాతం లోపే ఉంటుంది, ఏపీటీటీ పొడవుగానే ఉంటుంది. అయినా రక్తం ఆగుతుంది.

ఇవి గడ్డకట్టే వైపు ఏమీ చేర్చవు, అడ్డుకునే వైపు బ్రేకులు తీసేస్తాయి. కాన్సిజుమాబ్, మార్‌స్టాసిమాబ్ టిష్యూ ఫ్యాక్టర్ దారిని అడ్డుకునే టీఎఫ్‌పీఐకి అతుక్కుని దాన్ని ఆపుతాయి. ఫిటుసిరాన్ కాలేయంలో యాంటీథ్రాంబిన్ (థ్రాంబిన్‌ను అణిచే ప్రోటీన్) తయారయ్యే ఆర్ఎన్ఏను నాశనం చేసే చిన్న ఆర్ఎన్ఏ. బ్రేకు బలహీనపడితే 8, 9 లేకపోయినా తగినంత థ్రాంబిన్ మిగులుతుంది. అందుకే హీమోఫీలియా ఏ, బి (ఫ్యాక్టర్ 9 లోపం) రెండింటికీ పనిచేస్తాయి. హీమోఫీలియా బి ఉండి ఇన్‌హిబిటర్ వచ్చినవారికి ఇది ఎంత పెద్ద ఊరటో! ఎమిసిజుమాబ్ వాళ్లకు పనికిరాదు, ఫ్యాక్టర్ 9 ఎక్కిస్తే అనాఫిలాక్సిస్ (ప్రాణాపాయ అలెర్జీ) భయం.

#9 సుధ_ఫార్మా

ఆ మూడింటి మోతాదులు, ఎక్కడ జారుతుందో కూడా.

ఫిటుసిరాన్‌కు అమెరికా అనుమతి 2025 మార్చిలో వచ్చింది. మొదటి పరిశోధనల్లో నెలకు 80 మి.గ్రా. ఇచ్చారు. 2017లో ఒక రోగి మెదడు సిరలో గడ్డతో చనిపోయాక పరిశోధన ఆగింది. కాళ్లు, ఊపిరితిత్తులు కాకుండా మెదడు సిర కావడం, దాన్ని మొదట మెదడులో రక్తస్రావంగా భావించి ఫ్యాక్టర్ ఎక్కించడం, ఈ రెండూ మనకు గుర్తుండాలి. హీమోఫీలియా రోగికి తలనొప్పి వస్తే రక్తస్రావం అనే ఆలోచనే ముందు వస్తుంది. ఈ మందు మీద ఉన్నవారికి సిరల చిత్రం కూడా తీయాలి.

ఇప్పటి పద్ధతిలో రెండు నెలలకోసారి 50 మి.గ్రా.తో మొదలుపెట్టి యాంటీథ్రాంబిన్‌ను 15 నుంచి 35 శాతం మధ్య నిలపాలి. 4, 12, 20, 24 వారాల్లో యాంటీథ్రాంబిన్ చూస్తారు. 15 కంటే కిందికి పోతే డోసు తగ్గించాలి. ఇక్కడ ల్యాబ్‌లో చూడాల్సిన అంకె యాంటీథ్రాంబిన్, ఫ్యాక్టర్ కాదు. కాలేయ ఎంజైములు, పిత్తాశయంలో రాళ్లు కూడా గమనించాలి.

కాన్సిజుమాబ్ రోజూ వేసుకునే పెన్ను. మొదటిరోజు కిలోకు 1 మి.గ్రా., రెండోరోజు నుంచి 0.2. 4 వారాలకు మందు స్థాయి కొలిచి, మి.లీ.కు 200 నానోగ్రాముల లోపు ఉంటే 0.25కి పెంచుతారు, 4000 దాటితే 0.15కి తగ్గిస్తారు. ఈ కొలత దశ 2020 మార్చిలో పరిశోధన ఆగిన తర్వాత చేర్చింది. ముగ్గురిలో గడ్డలు వచ్చాయని అప్పుడు ఆపారు. మార్‌స్టాసిమాబ్ సులువు: మొదట 300 మి.గ్రా., తర్వాత బరువుతో పనిలేకుండా వారానికి 150.

మూడింటికీ ఒకే నియమం. రక్తస్రావం అయితే ఫ్యాక్టర్ మొదటి డోసు పాత అలవాటు ప్రకారం ఇవ్వకూడదు, మందు కాగితంలో ఇచ్చిన తక్కువ మోతాదుతో మొదలుపెట్టి ఆగి చూడాలి. ఇంట్లో పాత ఫ్యాక్టర్ నిల్వ ఉన్న కుటుంబాలకు ఇది రాతపూర్వకంగా ఇవ్వండి. రోగి చేతికి పాత అలవాటే ముందు వస్తుంది.

#10 బెంచ్ నంబర్ 2

ఎక్కువకాలం నిలిచేలా మార్చిన ఫ్యాక్టర్ 8 అయిన ఎఫానెసోక్టోకాగ్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

ఫ్యాక్టర్ 8 రక్తంలో తనను మోసే వాన్ విల్లీబ్రాండ్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్‌కు అతుక్కుని తిరుగుతుంది, దానితోపాటే తీసివేయబడుతుంది. అందుకే ఎంత మార్పు చేసినా పాత ఫ్యాక్టర్ 8ల అర్ధాయువు 19 గంటల చుట్టూ ఆగిపోయేది. ఎఫానెసోక్టోకాగ్‌కు వాన్ విల్లీబ్రాండ్ తాలూకు డీ ప్రైమ్ డీ3 ముక్కను ముందే కలిపేశారు. ఇక అది రోగి సొంత వాన్ విల్లీబ్రాండ్‌కు అతుక్కోదు. పైన మందును ఎక్కువసేపు నిలిపే ఎఫ్‌సీ భాగం, ఎక్స్‌టెన్ గొలుసులు. అర్ధాయువు 40 గంటల దాకా పోయింది. వారానికి ఒక్కసారి కిలోకు 50 యూనిట్లు. పెద్దవారిలో సుమారు 4 రోజులు 40 శాతం పైన ఉంటుంది, ఏడోరోజు 15 శాతం దగ్గర. 2023 ఫిబ్రవరిలో అమెరికాలో అనుమతి వచ్చింది.

పేచీ ఏమిటంటే ఎమిసిజుమాబ్‌కు సరైన క్రోమోజెనిక్ పరీక్ష దీనికి తప్పు. క్రోమోజెనిక్ దీన్ని దాదాపు 2.5 రెట్లు ఎక్కువ చూపిస్తుంది. యాక్టిన్ ఎఫ్ఎస్ఎల్ రీజెంట్‌తో చేసే వన్‌స్టేజ్ సరిపోతుంది. అన్ని ఏపీటీటీ రీజెంట్లూ ఒకటి కావు కాబట్టి ల్యాబ్ ఏది వాడుతుందో అడగండి. ఒకే ఆసుపత్రిలో ఒక రోగి ఎమిసిజుమాబ్ మీద, ఇంకొకరు ఎఫానెసోక్టోకాగ్ మీద ఉంటే ఇద్దరికీ ఒకే పరీక్ష పంపడం కుదరదు.

#11 నీలిక్యాప్

ఎమిసిజుమాబ్ నుంచి ఎఫానెసోక్టోకాగ్‌కు మారే రోగి అయితే? మొదటి కొన్ని నెలలు రెండూ రక్తంలో ఉంటాయి కదా.

#12 బెంచ్ నంబర్ 2

అదే కష్టమైన కేసు. వన్‌స్టేజ్‌ను ఎమిసిజుమాబ్ చెడగొడుతుంది. ఆవు క్రోమోజెనిక్ ఎమిసిజుమాబ్‌ను చూడదు కానీ ఎఫానెసోక్టోకాగ్‌ను ఎక్కువ చూపిస్తుంది. ఈ రెండో దోషం ఎంతో తెలుసు కాబట్టి ఆవు క్రోమోజెనిక్ చేసి 2.5తో భాగించడమే చేతిలో ఉన్న దారి. రిపోర్టులో భాగించిన సంగతి రాయాలి, లేకపోతే ఇంకొకరు మళ్లీ భాగిస్తారు.

#13 ఎక్స్‌క్యూ28

జన్యు చికిత్సలోనూ ఈ తేడా ఉంది.

హీమోఫీలియా బికి ఎట్రానాకోజీన్ డెజాపార్వోవెక్ 2022 నవంబరులో అనుమతి పొందింది. జన్యువును కాలేయానికి మోసుకెళ్లే ఏఏవీ5 అనే వైరస్ తొడుగులో ఫ్యాక్టర్ 9 జన్యువు, కిలోకు 20 లక్షల కోట్ల జన్యు ప్రతులు, ఒకే ఇన్‌ఫ్యూజన్. అందులో పెట్టింది మామూలు 9 కాదు, పాడువా రకం. ఇటలీలో 2009లో ఒక కుటుంబంలో బయటపడిన మార్పు అది. 338వ చోట ఆర్జినిన్ బదులు ల్యూసిన్ ఉంటుంది, ప్రోటీన్ చురుకుదనం సుమారు 8 రెట్లు. తక్కువ ప్రోటీన్‌తో ఎక్కువ పని జరగడం వల్లే ఈ చికిత్స నిలబడింది. హోప్ బి పరిశోధనలో 54 మందికి ఇచ్చారు. ఏడాదికి సగటు రక్తస్రావాలు 4.19 నుంచి 1.51కి తగ్గాయి. ఇన్‌ఫ్యూజన్‌కు ముందే ఏఏవీ5 యాంటీబాడీలు ఉన్నవారిని కూడా చేర్చుకున్నారు. వాళ్లలో టైటర్ (యాంటీబాడీల మోతాదు) 678 దాకా ఉన్నవారికి పనిచేసింది, 3212 ఉన్న ఒకరికి పనిచేయలేదు.

పాడువా రకాన్ని వన్‌స్టేజ్ ఎక్కువగా, క్రోమోజెనిక్ తక్కువగా చూపిస్తాయి. రోగికి ఏడాదికేడాది పోల్చి చూపాలంటే మొదట ఏ పద్ధతి, ఏ రీజెంట్ వాడారో చివరిదాకా అదే వాడాలి. ల్యాబ్ మారినప్పుడు పడిపోయిన అంకెను చూసి చికిత్స పోయిందని అనుకోవద్దు.

హీమోఫీలియా ఏకు వచ్చిన వాలోక్టోకోజీన్ రాక్సాపార్వోవెక్‌లోనూ వన్‌స్టేజ్ అంకె క్రోమోజెనిక్ కంటే సుమారు 1.6 రెట్లు. అక్కడ ఇంకో సమస్య, ఏళ్లు గడిచేకొద్దీ స్థాయి తగ్గుతూ పోవడం. ఫ్యాక్టర్ 8 పెద్ద ప్రోటీన్, సహజంగా అది తయారయ్యేది కాలేయంలోని రక్తనాళపు గోడ కణాల్లో. మనం దాన్ని కాలేయ కణాల చేత చేయిస్తున్నాం. ఆ ఒత్తిడి ఒక కారణమని అనుమానం.

#14 థ్రాంబిన్

ఎక్స్‌క్యూ28 గారూ, ఒక విషయంలో మీతో విభేదిస్తాను. అంకె తగ్గినంత మాత్రాన చికిత్స విఫలమైనట్టు మనం మాట్లాడుకోవద్దు. 1 శాతం లోపు ఉన్న మనిషి ఏడేళ్లు 10 శాతంతో బతికితే ఆ ఏడేళ్లూ కీళ్లు అరగకుండా మిగిలినట్టే. అడగాల్సింది ఎంత స్థాయి అని మాత్రమే కాదు, ఏటా ఎన్ని రక్తస్రావాలు, కీలు అల్ట్రాసౌండ్‌లో సైనోవియం (కీలు లోపలి పొర) ఎలా ఉంది అని కూడా.

#15 ఎక్స్‌క్యూ28

రక్తస్రావాల లెక్క ముఖ్యమే, కాదనను. అయినా తగ్గే వేగం ముందే చెప్పకపోతే రోగి ఇచ్చే సమ్మతి పూర్తి కాదు. ఏఏవీ ఒకసారి ఇచ్చాక పుట్టే యాంటీబాడీలతో అదే తొడుగుతో రెండోసారి ఇవ్వలేం. పైగా జన్యువు చాలావరకు క్రోమోజోమ్‌లో కలవకుండా విడిగా ఉంటుంది. పెరుగుతున్న కాలేయంలో కణాలు విభజించినప్పుడల్లా పలచబడుతుంది. అందుకే పిల్లలకు ఇవ్వడం లేదు. ఏఎల్‌టీ (కాలేయ ఎంజైమ్) పెరిగితే ఫ్యాక్టర్ పడిపోయే ముందు స్టీరాయిడ్ మొదలుపెట్టాలి, మొదటి నెలల్లో ప్రతివారం చూసే రక్తపరీక్ష అందుకే. ఇవన్నీ కలిపి చెప్పాలి. అనుమతి వచ్చిన ఒక హీమోఫీలియా బి చికిత్సను, ఫిడానాకోజీన్‌ను, రోగుల ఆసక్తి అంతగా లేదని తయారీ సంస్థే 2025 ఫిబ్రవరిలో ఆపేసింది.

ఏఏవీకి వెలుపల మరో దారి ఉంది. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ బృందం హీమోఫీలియా ఏ ఉన్న ఐదుగురి మూలకణాలను బయటికి తీసి, లెంటీవైరస్‌తో ఫ్యాక్టర్ 8 జన్యువు పెట్టి, ఎముక మజ్జను ఖాళీ చేసే మందుల తర్వాత తిరిగి ఎక్కించింది. ఫలితాలు 2024 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. ఫ్యాక్టర్ కనిపించడం మొదలైన తర్వాత ఐదుగురిలో ఎవరికీ రక్తస్రావం కాలేదు. ఇక్కడ జన్యువు క్రోమోజోమ్‌లో కలుస్తుంది కాబట్టి కణాలు విభజించినా పోదు, ఏఏవీ యాంటీబాడీలు అడ్డురావు. బదులుగా కీమోథెరపీ భారం, కలిసిన చోటు వల్ల వచ్చే ప్రమాదాలపై చాలా ఏళ్ల నిఘా తప్పవు.

#16 సూదిమందు

హీమోఫీలియా దాటి అడుగుతున్నా. పీటీ (గడ్డకట్టే సమయం చూసే మరో పరీక్ష), ఏపీటీటీ, ప్లేట్‌లెట్లు అన్నీ మామూలు, అయినా రక్తం కారుతోంది. బొడ్డుతాడు ఊడిన చోట రోజులతరబడి కారే పసిబిడ్డ. ఏం పంపాలి?

#17 బెంచ్ నంబర్ 2

ఫ్యాక్టర్ 13 ముందు పంపండి. అది గడ్డ కట్టిన తర్వాత ఫిబ్రిన్ పోగులను కుట్టే ఎంజైమ్. మన పరీక్షల గడియారం గడ్డ కనిపించగానే ఆగిపోతుంది కాబట్టి పీటీ, ఏపీటీటీలకు దాని లోటు తెలియదు. యూరియాలో గడ్డ కరుగుతుందా అని చూసే పాత పరీక్ష దాదాపు పూర్తిగా లేనప్పుడే పట్టుకుంటుంది. ఈమధ్యే ప్లాస్మా ఎక్కించి ఉంటే అదీ తప్పిపోతుంది. కొలిచే పరీక్ష కావాలి. అమ్మోనియా విడుదల పద్ధతి చేసేవారు ప్లాస్మా బ్లాంక్ (తీసివేతకు పోలిక కొలత) తప్పక పెట్టాలి, లేకపోతే 0 ఉన్న బిడ్డకు కూడా కొన్ని శాతం ఉన్నట్టు వస్తుంది.

#18 థ్రాంబిన్

తొందర ఎందుకంటే ఈ లోపంలో మెదడులో రక్తస్రావం చాలా ఎక్కువ. శుభవార్త ఏమిటంటే ఫ్యాక్టర్ 13 అర్ధాయువు 9 నుంచి 14 రోజులు. ప్లాస్మా నుంచి తీసిన కాన్‌సంట్రేట్ కిలోకు 40 యూనిట్లు 28 రోజులకోసారి ఇస్తే చాలు.

ఫ్యాక్టర్ 13 మామూలుగా వస్తే ప్లేట్‌లెట్ పనితీరు చూడండి. గ్లాంజ్‌మన్ లోపంలో ప్లేట్‌లెట్ల సంఖ్య మామూలే, ఫిబ్రినోజెన్‌ను పట్టుకునే గ్రాహకం ఉండదు.

#19 ఎక్స్‌క్యూ28

వాన్ విల్లీబ్రాండ్ జబ్బును (ఆ ప్రోటీన్ తక్కువైతే టైప్ 1, సరిగా పనిచేయకపోతే టైప్ 2) మర్చిపోకండి. అందులోనూ ఏపీటీటీ మామూలుగా ఉండొచ్చు. 2021 మార్గదర్శకాల ప్రకారం స్థాయి 30 లోపు ఉంటే రక్తస్రావం లేకపోయినా టైప్ 1, 30 నుంచి 50 మధ్య ఉండి రక్తస్రావ లక్షణాలు ఉంటే అదీ టైప్ 1. చురుకుదనాన్ని యాంటీజెన్‌తో భాగిస్తే 0.7 కంటే తక్కువైతే టైప్ 2 అనుకోండి. ఓ గ్రూపు రక్తం ఉన్నవారిలో సహజంగానే సుమారు 25 శాతం తక్కువ. గర్భం, జ్వరం, ఏడుపు, పరుగు దాన్ని పెంచుతాయి. ఒకసారి 60 వచ్చిందని ఏడ్చే బిడ్డకు జబ్బు లేదని తేల్చేయకూడదు.

ఇంకొకటి. తీవ్ర హీమోఫీలియా ఏలో 45 శాతం దాకా ఫ్యాక్టర్ 8 జన్యువులోని ఇంట్రాన్ 22 అనే భాగం దగ్గర తిరగబడడం వల్లే. ఎక్సాన్లు (ప్రోటీన్ సమాచారం ఉన్న భాగాలు) మాత్రమే చదివే సీక్వెన్సింగ్‌లో అది కనబడదు. రిపోర్టులో మార్పు లేదు అని వస్తే తిరగబడడాన్ని చూసే పరీక్ష విడిగా చేశారా అని అడగాలి. క్యారియర్ అవునా కాదా అన్నది ఫ్యాక్టర్ స్థాయితో తేల్చలేం. మామూలు స్థాయి ఉన్న తల్లి కూడా క్యారియర్ కావచ్చు. ఫ్యాక్టర్ స్థాయి 40 శాతం లోపు ఉన్న ఆడవాళ్లను ఇప్పుడు హీమోఫీలియా ఉన్నవారిగానే లెక్కిస్తున్నారు, ప్రసవానికి ముందు వాళ్లకూ ప్రణాళిక కావాలి.

#20 బెంచ్ నంబర్ 2

వాన్ విల్లీబ్రాండ్ శాంపిల్‌ను రక్తంగా ఉన్నప్పుడు ఐస్‌లోనో ఫ్రిజ్‌లోనో పెట్టకండి. చల్లదనానికి వాన్ విల్లీబ్రాండ్, ఫ్యాక్టర్ 8 రెండూ పడిపోతాయి. లేని జబ్బు ఉన్నట్టు వస్తుంది, అదీ టైప్ 2 లాగా. గది ఉష్ణోగ్రతలో ఉంచి, 4 గంటల్లోపు ప్లాస్మా వేరుచేసి, సెంట్రిఫ్యూజ్‌లో రెండుసార్లు తిప్పాలి. మైక్రోలీటరుకు 10 వేల ప్లేట్‌లెట్ల లోపే మిగలాలి. 3.2 శాతం సిట్రేట్ (ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఆపే రసాయనం), 9 వంతుల రక్తానికి 1 వంతు. ట్యూబు నిండకపోతే సిట్రేట్ ఎక్కువై సమయాలు సాగుతాయి. హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) 55 దాటిన పసిబిడ్డల్లో ప్లాస్మా తక్కువ కాబట్టి సిట్రేట్ తగ్గించిన ట్యూబు ల్యాబ్‌నే అడగాలి. కాథెటర్ నుంచి తీస్తే హెపారిన్ కలుస్తుంది.

డెస్మోప్రెసిన్ (ఒంట్లో నిల్వ ఉన్న వాన్ విల్లీబ్రాండ్‌ను విడుదల చేయించే మందు) పరీక్ష డోసు ఇచ్చినప్పుడు 1 గంటకే కాదు, 4 గంటలకు కూడా తీయండి. గంటకు బాగా పెరిగి 4 గంటలకు కిందికి జారితే అది తొందరగా తొలగిపోయే టైప్ 1సీ. అలాంటివారికి సర్జరీకి డెస్మోప్రెసిన్ నమ్ముకోలేం.

#21 సుధ_ఫార్మా

డెస్మోప్రెసిన్ కిలోకు 0.3 మైక్రోగ్రాములు. ఇచ్చాక 24 గంటలు తాగే నీళ్లు తగ్గించాలి. సోడియం పడిపోయి మూర్ఛలు వచ్చేది ముఖ్యంగా చిన్నపిల్లల్లో. రెండేళ్ల లోపు వద్దు. టైప్ 2బిలో (వాన్ విల్లీబ్రాండ్ ప్లేట్‌లెట్లకు అతిగా అతుక్కునే రకంలో) ప్లేట్‌లెట్లు ఇంకా పడిపోవచ్చు.

#22 నీలిక్యాప్

చివరగా మొదటి ప్రశ్నకు తిరిగి ఒకటి. ఎమిసిజుమాబ్ మీద ఏపీటీటీ ఏ రకంగానూ పనికిరాదా? అన్నీ మామూలుగా వస్తే ఏ సమాచారం లేనట్టేనా?

#23 థ్రాంబిన్

ఒక్క దిశలో పనికొస్తుంది. మందు సక్రమంగా పడుతున్న రోగికి ఏపీటీటీ మామూలుగా ఉండాలి. అది మళ్లీ సాగిందంటే మందు రక్తంలో లేదని అర్థం. డోసులు తప్పి ఉండొచ్చు, లేదా ఎమిసిజుమాబ్‌కే వ్యతిరేకంగా యాంటీబాడీలు వచ్చి ఉండొచ్చు. రెండోది అరుదు, మందు పనిచేయకుండా పోయేది నూటికి ఒకరి కంటే తక్కువ. కానీ దాన్ని ముందు పట్టించేది ఈ చవకైన పరీక్షే. వరస ఇలా: కొత్తగా రక్తస్రావాలు మొదలయ్యాయా, ఏపీటీటీ పంపండి. సాగితే డోసుల పట్టిక, ఫ్రిజ్, వేసే పద్ధతి చూడండి. అవి సరిగ్గా ఉంటే బెంచ్ నంబర్ 2 గారు చెప్పిన క్యాలిబ్రేటర్‌తో మందు స్థాయి కొలవండి. స్థాయి లేకపోతే యాంటీబాడీ పరీక్షకు పంపి, ఈలోపు ఆవు క్రోమోజెనిక్ బెథెస్డా చేసి ఇన్‌హిబిటర్ ఉందో లేదో తేల్చుకుని, దాని ప్రకారం ఫ్యాక్టర్ 8కో 7ఏకో మారండి. స్థాయి మామూలుగా ఉండి రక్తస్రావం అవుతుంటే ఆ కీలును అల్ట్రాసౌండ్‌లో చూడండి. పాత సైనోవైటిస్ (కీలు పొర వాపు) ఉన్న కీలు మందు స్థాయి ఎంత బాగున్నా కారుతూనే ఉంటుంది.